కెనడీ చిత్రాన్ని ముఖం వరకు కత్తిరిస్తే పోయేది ఏమిటి?

సంపాదకులు గారికి,

నమస్కారం. అమెరికన్ చిత్రకారిణి ఎలైన్ డి కూనింగ్ వేసిన అధ్యక్షుడు జాన్ ఎఫ్. కెనడీ రూపచిత్రం మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. ఇలాంటి విషయానికి పత్రికలో చోటు దొరకడమే అరుదు, అందుకు సంతోషం. అయితే అందులో మూడు మాటలను సరిచేయక తప్పదు. ఆ చిత్రాన్ని ఒక్క ఊపులో వేసేశారన్నది ఒకటి. ఆమెలా ఉన్నదున్నట్టు దిద్దకుండా కుంచె ఊపుతోనే భావం చెప్పే ఆబ్‌స్ట్రాక్ట్ ఎక్స్‌ప్రెషనిస్టులకు పోలికతో పని లేదన్నది రెండోది. కుంచె ఝళిపించే ధైర్యం ఉంటే చాలు, డ్రాయింగ్ రానక్కర్లేదన్నది మూడోది. ఉత్తరం ఇంత పొడుగు కావడానికి కారణం ఆ మూడోదే. బొమ్మలు నేర్చుకుంటున్న పిల్లలు దాన్ని నమ్మితే రంగులూ కాన్వాసులూ వృథా అవడం తప్ప జరిగేదేమీ ఉండదు.

ముందు ఆ బొమ్మ సంగతి. దాన్ని కోరింది అమెరికాలో మిస్సోరి రాష్ట్రం, ఇండిపెండెన్స్ పట్టణంలో మాజీ అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్ పేరిట ఉన్న లైబ్రరీ. కెనడీ ఒక చోట కదలకుండా కూర్చునే మనిషి కాదు కాబట్టి వేగంగా గీయగల చిత్రకారులు కావలసి వచ్చారు. ఎలైన్‌కు ఆ పేరుంది. 1962 డిసెంబర్ 28న ఫ్లోరిడాలోని పామ్ బీచ్‌లో పని మొదలైంది. ఎదురుగా ఉన్న మనిషి కాగితాలు చూస్తూ, వచ్చేపోయే వాళ్లతో మాట్లాడుతూ, కుర్చీలో అటూ ఇటూ కదులుతూ ఉంటే ఆమె స్కెచ్ మీద స్కెచ్ గీసుకుంటూ పోయారు. న్యూయార్క్ తిరిగొచ్చాక 1963 అంతా ఆమె స్టూడియోలో కెనడీయే. గోడల నిండా డ్రాయింగులు, పత్రికల్లో వచ్చిన ఫొటోలు, ఒకే మనిషివి రకరకాల సైజుల్లో కాన్వాసులు. ఆ ఏడాది నవంబర్ 22న కెనడీ హత్య జరిగింది. ఆమె దాదాపు ఏడాది పాటు రంగులు ముట్టలేదు. ట్రూమన్ లైబ్రరీకి చిత్రం చేరింది 1965లో. వాషింగ్టన్‌లోని నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఉన్నది అదే వరుసలోని మరొకటి. 1963 నాటిది, ఎనిమిదిన్నర అడుగుల ఎత్తు, మూడున్నర అడుగులు దాటిన వెడల్పు.

ఆ వరుసలో ఫలానా కాన్వాస్ కొద్ది గంటల్లో పూర్తయి ఉండవచ్చు. దాని వెనక మాత్రం నెలల తరబడి ఒకే భంగిమను చేతికి అలవాటు చేసుకున్న పని ఉంది. ఆమె భర్త విలెమ్ డి కూనింగ్ సంగతి ఇంకా చిత్రం. చూసినవాళ్లు ఒక్క పూటలో కోపంగా వేసిపారేశాడనుకునే 'ఉమన్ 1' బొమ్మ మీద ఆయన 1950 నుంచి 1952 దాకా కుస్తీ పట్టారు. వేయడం, గీకేయడం, మళ్లీ వేయడం. ఈ చిత్రాల్లో కనబడే వేగం కుంచె వేటుది మాత్రమే.

ఇక పోలిక. వీధి చివర నడిచొస్తున్న నాన్ననో స్నేహితుణ్నో కళ్లూ ముక్కూ కనబడక ముందే గుర్తుపడతాం. ఆ మెరుపులాంటి గుర్తింపే రూపచిత్రంలో తనకు ఇష్టమని ఎలైన్ చెప్పుకున్నారు. 1940ల చివర నుంచి ఆమె వేసిన కూర్చున్న మగవాళ్ల బొమ్మల్లో చాలావాటికి ముఖాలు సరిగా ఉండవు. కోటు ముడతలు, మోకాళ్ల మధ్య ఎడం, ఒక భుజం వాలు, అంతే. 1962లో కవి ఫ్రాంక్ ఓహారా బొమ్మ వేసినప్పుడు ముఖం పూర్తిగా వేసి, తర్వాత తుడిచేశారు. ముఖం పోయాకే అది ఎక్కువగా ఫ్రాంక్‌లా ఉందని ఆమె తీర్పు. గమనించవలసింది ఏమిటంటే, తుడిచే ముందు ముఖం వేశారు. తల ఎంత వంగింది, దవడ ఎక్కడ ఆగింది, మెడ ఎక్కడ మొదలైంది అన్నవన్నీ కుదిరాక పైనున్న వివరం పోయినా కింద కట్టడం నిలిచింది. మొదటి నుంచీ ముఖం దగ్గర ఖాళీ వదిలేస్తే అది తల లేని మొండెంలా తేలిపోతుంది. మన విద్యార్థుల బొమ్మల్లో జరిగేది సాధారణంగా ఈ రెండోదే.

కెనడీ చిత్రంలోని ఆకుపచ్చ, బంగారు రంగుల గురించి వ్యాసకర్త 'ఊహా వర్ణాలు' అన్నారు. అదీ సరికాదు. పత్రికల ఫొటోల్లో బూడిద రంగులో చూసిన మనిషి ఎండలో ఎదురుపడేసరికి బంగారు కాంతితో కనిపించాడని ఆమె చెప్పిన మాట రికార్డులో ఉంది. రంగు కంటితో చూసి ఎంచుకున్నదే, కుంచెతో వేసేటప్పుడు మోతాదు పెంచారు.

ఇప్పుడు అసలు పని. ఈ పద్ధతిలో కూర్చున్న మనిషి బొమ్మ వేయాలంటే నాలుగడుగుల ఎత్తు, రెండున్నర అడుగుల వెడల్పు కాన్వాస్‌తో మొదలుపెట్టడం మంచిది. ఇంతకన్నా చిన్నదైతే చెయ్యి మణికట్టు నుంచే కదులుతుంది, భుజం నుంచి కదలదు. గీతలో ఊపు రాకపోవడానికి సగం కారణం కాన్వాస్ చిన్నదవడమే. కూర్చున్న మనిషి తల పైనుంచి పాదాల దాకా సుమారు ఆరు తలల ఎత్తు వస్తాడు. పైనా కిందా మూడేసి అంగుళాలు వదిలితే తల దాదాపు ఏడు అంగుళాలు. ఈ లెక్క ముందే కాన్వాస్ అంచున గుర్తు పెట్టుకోకపోతే తల పెద్దదై పాదాలు చట్రం బయటికి పోతాయి. కాన్వాస్‌ను రంగుకు సిద్ధం చేసే తెల్లటి అక్రిలిక్ జెస్సో రెండు పూతలు, పూతకీ పూతకీ మధ్య సన్నటి గరుకు కాగితంతో ఒకసారి తేలికగా రుద్దడం, రెండో పూత తర్వాత కనీసం మూడు రోజులు ఆరబెట్టడం. ఆ మూడు రోజులూ ఓపిక పట్టాలి. పైకి ఆరినట్టున్నా లోపల నీరుంటే దాని మీద నూనె రంగు సరిగా పట్టుకోదు.

మనిషిని ఎనిమిది నుంచి పది అడుగుల దూరంలో కూర్చోబెట్టి, కాన్వాస్ నిలిపే చట్రాన్ని, అంటే ఈజిల్‌ను, మనిషీ కాన్వాసూ ఒకే చూపులో పడేలా పక్కపక్కన పెట్టాలి. మీ వెనక కూడా పదడుగుల చోటుండాలి. కుర్చీ కాళ్లకూ పాదాలకూ నేల మీద సుద్దముక్కతో గుర్తులు పెట్టండి. ఇరవై నిమిషాలు కూర్చోవడం, ఐదు పది నిమిషాలు లేవడం. లేచి వచ్చాక భంగిమ కాస్త మారితే కంగారు పడనక్కర్లేదు, కెనడీ అయితే మారుతూనే ఉన్నారు. పదేపదే తిరిగొచ్చేది ఏదో అదే ఆ మనిషి అసలు భంగిమ. దాన్ని పట్టుకోవడానికే మొదటి గంట కాన్వాస్ ముట్టకుండా కాగితం మీద బొగ్గుతో పని చేయాలి. ఒక్కో నిమిషంవి పది, రెండేసి నిమిషాలవి పది, చివర ఐదు నిమిషాలవి రెండు మూడు. నిమిషం బొమ్మలో చూడవలసినవి కొన్నే. మెడ గుంట నుంచి కుర్చీ దాకా వెన్ను ఎటు వంగింది? బరువు ఏ పిరుదు మీద పడింది? కుర్చీ చేతిని ఆనుకున్న మోచెయ్యి ఏది? ఆనిన వైపు భుజం పైకి లేస్తుంది, తల సాధారణంగా దానికి ఎదురు దిక్కుకు సర్దుకుంటుంది. ఈ సర్దుబాటు మనిషి మనిషికీ వేరు. పోలిక దొరికేది ఇక్కడే. స్కెచ్‌లు పక్కపక్కన నేల మీద పరిచి చూస్తే ఏ వాలు అన్నింట్లోనూ ఉందో తెలిసిపోతుంది.

కాన్వాస్ మీద బొగ్గు గీతలు ఆరో ఏడో చాలు. గీసిన తర్వాత పొడి గుడ్డతో దులిపేయాలి. దులపకపోతే బొగ్గు పొడి తడి రంగులో కలిసి పసుపులూ చర్మం రంగులూ బూడిద బారతాయి.

మొదటి పొర మజ్జిగంత పలచగా, నూనె రంగును పలచన చేసే టర్పెంటైన్‌తో. ముదురు గోధుమ రంగు బర్న్ట్ అంబర్, కొద్దిగా అల్ట్రామెరీన్ నీలం, తెలుపు అస్సలు వద్దు. రెండు అంగుళాల కుంచె, లేదా హార్డ్‌వేర్ షాపులో దొరికే గోడ బ్రష్ అయినా సరే. వాడే ముందు ఊడే వెంట్రుకలు లాగేయండి. ఇరవై నిమిషాల్లో మనిషి, కుర్చీ, వెనక గోడ అన్నీ ఒకే ముద్దగా పడిపోవాలి. అంబర్‌తో మొదలుపెట్టడానికి కారణముంది. అందులోని మాంగనీసు వల్ల అది తొందరగా ఆరుతుంది. ఆరడానికి ఎక్కువ రోజులు పట్టే అలిజరిన్ ఎరుపు, ఐవరీ బ్లాక్ నలుపు లాంటివి కింద వేసి వాటి మీద త్వరగా ఆరే రంగు వేస్తే, కింది పొర ఇంకా కదులుతుండగా పైది బిగుసుకుని పగులుతుంది. పగుళ్ల గొడవలో ఎక్కువ భాగం దీనివల్లే. రెండో పొర ట్యూబులోంచి వచ్చినంత చిక్కగా, చివరి పొరకే కాస్త అవిసె నూనె. ఒక వంతు నూనె, రెండు వంతుల టర్పెంటైన్ కలిపి చిన్న గిన్నెలో ఉంచుకుంటే సరిపోతుంది. నూనె ఎక్కువైతే మందంగా ఉన్న చోట పైన పొర కట్టి ముడతలు పడుతుంది, మన కోస్తా వానాకాలంలో మరీను.

రంగు కిందికి కారిన గీతల మోజు గురించి ఒక మాట. రంగును టర్పెంటైన్‌తో మరీ పలచన చేసి కావాలని కార్చితే జిగురుగా పనిచేసే నూనె చెదిరిపోతుంది, ఆరాక వేలితో రాస్తే పొడి వస్తుంది. అది బొమ్మకు బలం కాదు, రోగం. కారడం పనిలో భాగంగా జరిగితే ఉండనివ్వండి. అలంకారం కోసం చేసింది పదడుగుల దూరం నుంచే తెలిసిపోతుంది.

రంగులు వేయడానికి ముందే కలిపి పెట్టుకోవాలి. వెలుగుకు రెండు, వెలుగుకీ నీడకీ నడిమి తావుకు రెండు, నీడకు ఒకటి, గుట్టలు గుట్టలుగా. ఈ సైజుకు 120 మి.లీ. తెలుపు దగ్గరుండాలి. ట్యూబు ఖరీదు చూసి బఠాణీ గింజంత పిండుకుని దాన్నే సాగదీస్తే కుంచె కాన్వాస్‌ను గీరుతుంది తప్ప వేటు పడదు. అలా భయంభయంగా వేసేకంటే రెండు బొమ్మల బదులు ఒకటే వేయడం నయం. తెలుపు కొనేటప్పుడు ట్యూబు వెనక ఉన్న రంగు పదార్థం కోడ్ చూడండి. పి.డబ్ల్యు.6 అంటే టైటానియం, పి.డబ్ల్యు.4 అంటే జింక్. జింక్ ఉన్న నూనె రంగు ఏళ్లు గడిచేకొద్దీ పెళుసుబారి పొరలుగా లేచిపోతుంది. చాలా ట్యూబుల్లో రెండూ కలిసే ఉంటాయి. మందంగా వేసే ఈ పద్ధతిలో జింక్ కలవని తెలుపే వాడాలి.

ముదురు తావులు ముందు, నడిమివి తర్వాత, వెలుగు చివర. కోటు మీద మొదలైన కుంచె వెనక గోడలోకి వెళ్లి తిరిగి భుజం మీదికి రావాలి. మనిషిని ముందు పూర్తి చేసి వెనక భాగం తర్వాత 'నింపితే' కత్తిరించి అంటించిన బొమ్మలా కనబడుతుంది. పోటీలకొచ్చే చిత్రాల్లో దీన్ని ఇట్టే పట్టేయవచ్చు. వెనక భాగంలో కుంచె దిక్కులు మనిషి అంచు దగ్గర ఠక్కున ఆగిపోతాయి. కొన్ని అంచులు పోగొట్టుకోవాలి. నీడ వైపు భుజం గోడలో కలిసిపోనివ్వండి, వెలుగు వైపు ఒకచోట మాత్రం పదునుగా ఉంచండి. వేటు పెద్దదీ చిన్నదీ, వేగమైనదీ నింపాదిదీ కలగలిసి ఉండాలి. అన్నీ ఒకే ఊపులో ఉంటే కాన్వాస్ అంతా గోల తప్ప ఏమీ వినబడదు.

ముఖం పనిలో చివరి మూడో వంతుకు వాయిదా వేయండి. కోటుకు వాడిన అంగుళం కుంచెతోనే వేయండి. సన్న కుంచె చేతిలోకి వచ్చిందంటే కనురెప్పలు లెక్కపెట్టడం మొదలవుతుంది, ఇక ముఖం ఒక బొమ్మ, ఒళ్లు ఇంకో బొమ్మ. నుదుటి వెలుగు, కళ్ల గుంటల నీడ రెండూ కలిపి ఒకే ఆకారంగా, ముక్కు కింద నీడ, గడ్డం కింద నీడ, జుట్టు అంచు. వీటి తావులు సరిగ్గా పడితే కనుపాప వేయకుండానే చూపు వస్తుంది. కుదరకపోతే మీద మీద దిద్దకండి. తడిగా ఉండగానే రంగులు కలిపే చాకు, అంటే ప్యాలెట్ నైఫ్‌తో గీకి, టర్పెంటైన్ గుడ్డతో ఒకసారి తుడిస్తే కింద పలచటి మరక మిగులుతుంది. ఆ మరక తదుపరి ప్రయత్నానికి మంచి డ్రాయింగు. మూడోసారీ కుదరకపోతే ఆ రోజుకు ముఖం వదిలేసి చేతుల దగ్గరికి వెళ్లాలి. చేతులు కూడా ముఖమంత చెబుతాయి, మన వాళ్లు వాటిని జేబుల్లో దాచేస్తుంటారు.

రంగు బురద కావడానికి కారణాలు మూడే. కుంచె తుడవకుండా ఇంకో రంగులో ముంచడం, తడి ఎరుపు మీద తడి ఆకుపచ్చలాంటి ఎదురు రంగులు రుద్దడం, ఒకే చోట మూడోసారి కుంచె పెట్టడం. వేటు పెట్టాక తీసేయాలి, వెనక్కి రుద్దకూడదు. రంగు మరీ మందమై జారుతుంటే దాని మీద పాత న్యూస్‌పేపర్ పరిచి, అరచేత్తో మెల్లగా అద్ది, ఒలిచేయండి. అదనపు నూనె, రంగు కాగితానికి అంటుకుని వచ్చేస్తాయి. విలెమ్ డి కూనింగ్ తడి ఆరకుండా కాన్వాస్‌కు న్యూస్‌పేపర్లు అంటించేవారు. ఆయన చిత్రాల్లో కొన్నింటి మీద అచ్చక్షరాలు తిరగబడి కనిపిస్తాయి. సంపాదకులు గారూ, మీ పత్రికకు ఈ ఉపయోగం కూడా ఉందని చెప్పడం అమర్యాద కాదనుకుంటాను.

అక్రిలిక్‌తో ఇదంతా చేయవచ్చా అని అడుగుతారు. రోహిణి కార్తెలో ఫ్యాను కింద అక్రిలిక్ పది నిమిషాల్లో బిగుసుకుంటుంది. గీకడం, తుడవడం కుదరదు, అంచులు కలపడం కుదరదు. ఆరడాన్ని ఆలస్యం చేసే రిటార్డర్ కలిపినా కొంతవరకే. ఈ పద్ధతి తుడవడం మీద ఆధారపడింది కాబట్టి నూనె రంగే సరైనది.

దాని జాగ్రత్తలు దానికున్నాయి. అవిసె నూనె అంటిన గుడ్డలు ఉండలు చుట్టి మూలన పడేస్తే లోపల వేడి పుట్టి వాటంతట అవే నిప్పంటుకోవచ్చు. నీళ్లు పోసిన మూత డబ్బాలో వేయాలి, లేదా ఆరుబయట ఒక్కొక్కటీ విప్పి ఆరబెట్టాలి. ఏసీ గది తలుపులు మూసి టర్పెంటైన్ వాడితే గంటలో తలనొప్పి మొదలవుతుంది. విషలోహమైన కాడ్మియం ఉన్న రంగులు వాడిన చేత్తో అన్నం కలుపుకోవడం మరీ ప్రమాదం. గోళ్ల సందుల దాకా సబ్బుతో కడగాలి. వార్నిష్‌కు కనీసం ఆరు నెలలు, మందంగా వేస్తే ఏడాది ఆగాలి.

ఫొటో మీద గళ్లు గీసి పెద్దది చేసే పద్ధతిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. మన సినిమా బ్యానర్ ఆర్టిస్టులు చిన్న స్టిల్‌ను గళ్లతో ఇరవై అడుగులకు పెంచి, దగ్గరికెళ్తే వట్టి కుంచె వేటుగా కనిపించే చెంపను రోడ్డు అవతలి నుంచి చూస్తే మనిషిగా నిలబెట్టారు. భుజం నుంచి కుంచె కదపడం వాళ్ల దగ్గరే నేర్చుకోవాలి. కానీ గళ్లు కొలత ఇస్తాయి, బరువు ఎటు పడిందో చెప్పవు. ఎలైన్ కూడా ఫొటోలు దగ్గర పెట్టుకున్నారు, ఎదురుగా కూర్చున్న మనిషిని చూసి గీసిన స్కెచ్‌లు అప్పటికే చేతిలో ఉన్నాయి. మన పోటీల్లో ఫొటోతో పక్కపక్కన పెట్టి చూసి బహుమతులివ్వడం మానేసి, ఎదుటి మనిషిని చూసి గీసిన స్కెచ్‌లు కనీసం పదైనా జతచేయాలని నిబంధన పెడితే బాగుంటుంది.

చివరగా మీ డెస్కుకు ఒక విన్నపం. మీరు ఆ చిత్రాన్ని ముఖం వరకు చతురస్రంగా కత్తిరించి వేశారు. ఎనిమిదిన్నర అడుగుల నిలువు బొమ్మలో భుజాలు, ఒళ్లు, చుట్టూ పరుగెత్తే ఆకుపచ్చ వేట్లు అన్నీ పోయి, హడావుడిగా దిద్దినట్టున్న ఒక ముఖం మిగిలింది. పోలిక లేదని పాఠకులు అనుకోవడంలో వాళ్ల తప్పేమీ లేదు. వీలైతే వచ్చే వారం రెండు కాలమ్‌ల వెడల్పులో నిలువుగా, కత్తిరించకుండా మళ్లీ వేయండి. కింద ఏ సంవత్సరం, ఏ రంగులు, ఎంత కొలత, ఇప్పుడు ఎక్కడుంది అన్నవి ఒక్క వరుసలో ఇవ్వండి. కొలత తప్పకుండా ఇవ్వండి. అరచెయ్యంత ఫొటో చూసి గీసుకునే విద్యార్థికి ఆ వేటు ఎంత పొడుగుదో తెలియడానికి వేరే దారి లేదు.

ఇట్లు,
చిత్రలేఖనం బోధించే ఒక పాఠకుడు,
రాజమహేంద్రవరం